మూలపాఠము: బర్క్లీ యూనిక్సు చరిత్ర

నేడు మన కార్యాలయములలో కంప్యూటరు లేని బల్ల కానవచ్చుట అరుదు. జీతపు బిల్లు మొదలు పింఛను కాగితము వరకు సర్వమును దాని మూలముననే నడచుచున్నది. మీట నొక్కగనే ఆ యంత్రములో అన్నిటికంటె ముందు మేల్కొని, తక్కిన కార్యక్రమములకు చోటును కాలమును పంచిపెట్టి, ఒకదాని పని మరొకదానికి అడ్డము రాకుండ చూచు పెద్ద కార్యక్రమ మొకటి కలదు. దానినే ఆపరేటింగు సిస్టము అందురు. సూపరింటెండెంటు లేని ఆఫీసులో గుమాస్తాలు ఎంత సమర్థులైనను పని సాగనట్లు, ఇది లేనిచో యంత్రము వట్టి లోహపు పెట్టె.

అయితే ఆ సూపరింటెండెంటు ఏ నియమములనుబట్టి పనిచేయుచున్నాడో మనకు తెలియునా? ఆ నియమముల ప్రతి మన చేతిలో నున్నదా? ఉన్నచో, దానినిబట్టి ఆ వ్యవస్థను మొదటినుండి మనమే కట్టుకొనగలమా? ఈ మూడు ప్రశ్నలచుట్టును అర్ధశతాబ్దికి పైగా ఒక చరిత్ర నడచినది. అందులో విశ్వవిద్యాలయములు కలవు, న్యాయస్థానములు కలవు, కాసైనను ఆశింపక పనిచేసిన ప్రోగ్రామర్లు కలరు. దానిని సంగ్రహముగా చెప్పుటయే ఈ వ్యాసోద్దేశము.

మూలపాఠమనగా నేమి?

ప్రోగ్రామరు వ్రాయునది మనుష్యులు చదువదగిన భాషలో నుండును. దానిని సోర్సు కోడు అందురు. ఈ వ్యాసములో దానిని మూలపాఠమందము. యంత్రము దానిని నేరుగా గ్రహింపలేదు. కంపైలరు అను మరొక కార్యక్రమము ఆ పాఠమును సున్నలు, ఒకట్లు గల యంత్రభాషలోనికి మార్చును. అంగడిలో మనకు దొరకునది సాధారణముగా ఈ మారిన రూపమే. దానిని నడపవచ్చును గాని చదువుట దుస్సాధ్యము. దోషము కానవచ్చినను దిద్దుట అంతకన్న దుస్సాధ్యము.

మన సాహిత్యచరిత్ర నెరిగినవారికి ఈ భేదము సులభముగా బోధపడును. పందొమ్మిదవ శతాబ్దిలో సి. పి. బ్రౌను కడపలో తన బంగళాయందు పండితులను నియమించి, వ్రాతప్రతులను సేకరింపించి, పాఠములను పోల్చి చూపించి, శుద్ధప్రతులను వ్రాయించెను. ప్రతులు చేతిలో నున్నందుననే ఆ పండితులు ఇది లేఖకుని పొరపాటు, ఇది కవి పాఠము అని నిర్ణయింపగలిగిరి. ఆపరేటింగు సిస్టము విషయమునను అంతే. కాని ఒక భేదము కలదు. కావ్యమును పరిష్కరించి ముద్రించినచో పని ముగిసినట్లే. ఇచ్చట వేలకొలది ఫైళ్లుండును. వానిని తగిన వరుసలో కంపైలు చేసి, ఒకదానితో నొకటి కూర్చి, నడచు వ్యవస్థగా నిలువబెట్టవలెను. ఈ కూర్పునే నిర్మాణము, అనగా బిల్డు, అందురు. పాఠమంతయు నున్నను నిర్మాణక్రమము తెలియనిచో అది నడవదు. కావున మూలపాఠపు చరిత్రతోపాటు నిర్మాణక్రమపు చరిత్రనుకూడ చెప్పవలసియున్నది.

మరీహిల్లులో జననము

అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రమందలి మరీహిల్లులో బెల్ ప్రయోగశాల యుండెను. 1969లో ఆ సంస్థ మల్టిక్సు అను బృహత్ప్రణాళికనుండి వైదొలగెను. అందు పనిచేసిన కెన్ థాంప్సన్, అంతగా వాడుకలో లేని పీడీపీ–7 అను చిన్న యంత్రమును చేపట్టి, దానికొక క్రొత్త వ్యవస్థను వ్రాయ మొదలిడెను. డెన్నిస్ రిచీ ఆతనికి తోడయ్యెను. ఆ యంత్రముమీద ప్రోగ్రాములు వ్రాయుటకు సాధనములు లేవు. అందుచేత వారు జీఈ–635 అను పెద్ద యంత్రముమీద ప్రోగ్రామును సిద్ధపరచి, కాగితపు టేపుమీద రంధ్రములుగా దించి, ఆ టేపును మోసికొని వచ్చి పీడీపీ–7లో నెక్కించి పరీక్షించెడివారు.

కెర్నెలు, ఎడిటరు, అసెంబ్లరు, ఆజ్ఞలను స్వీకరించు షెల్లు, ఫైళ్లను చెరపుటకు నకలు తీయుటకు కొన్ని చిన్న పనిముట్లు సిద్ధమైన పిమ్మట ఆ టేపుల అవసరము తీరినది. నాటినుండి ఆ వ్యవస్థ తనలోనే వ్రాయబడి, తనలోనే కట్టబడుటకు సమర్థమైనది. దీనికి యూనిక్సు అను పేరు తరువాత వచ్చినది. తన్నుతాను కట్టుకొనగల వ్యవస్థయే పూర్ణమైన వ్యవస్థ యను భావము ఆనాడే దాని పుట్టుకలో చేరినది.

ఆ కాలమున ఇట్టి వ్యవస్థలను అసెంబ్లీ అను యంత్రానుసారియైన భాషలో వ్రాయుటయే సాధారణాచారము. అట్లు వ్రాసినది ఆ యంత్రమునకే పరిమితము. రిచీ సి అను భాషను నిర్మించెను; 1973లో యూనిక్సు కెర్నెలును ఆ భాషలో తిరిగి వ్రాసిరి. దీనివలన రెండు ఫలితములు కలిగినవి. ఒకటి, పాఠము చదువుటకు సుకరమైనది. రెండు, తగిన కంపైలరు ఉన్నచో వేరు యంత్రములకును దానిని తరలించు మార్గ మేర్పడినది. 1974లో థాంప్సన్, రిచీలు ప్రకటించిన వ్యాసముతో విశ్వవిద్యాలయములు ఈ వ్యవస్థకొరకు ఉత్తరములు వ్రాయసాగినవి.

బెల్ ప్రయోగశాలకు యజమానియైన ఏటీ అండ్ టీ సంస్థ 1956 నాటి న్యాయసమ్మతమైన ఒడంబడికవలన టెలిఫోను వ్యాపారమును దాటి కంప్యూటరు వ్యాపారములో దిగుటకు వీలులేకుండెను. అందుచేత ఆ సంస్థ యూనిక్సును స్వల్పమైన రుసుముతో విశ్వవిద్యాలయములకు మూలపాఠసహితముగా నిచ్చెను. మరమ్మతు బాధ్యతను మాత్రము వహింపలేదు. చెడినచో బాగుచేయువారు లేనందున, పుచ్చుకొన్నవారే పాఠమును చదివి బాగుచేసికొనిరి. తాము చేసిన దిద్దుబాట్లను ఒకరికొకరు పంపుకొనిరి. బాధ్యత వహింపనను ఒక షరతు ఒక విద్వత్సమాజమును పుట్టించినది.

ఆస్ట్రేలియాలో న్యూసౌత్‌వేల్సు విశ్వవిద్యాలయమున జాన్ లయన్స్ అను ఉపాధ్యాయుడు ఆరవ కూర్పు కెర్నెలు పాఠమును, సుమారు తొమ్మిదివేల పంక్తులను, అచ్చొత్తించి దానికి పంక్తి పంక్తికి వ్యాఖ్యానము వ్రాసి తన విద్యార్థులకు పాఠముగా చెప్పెను. మన మల్లినాథుని మార్గమిది. 1979లో వచ్చిన ఏడవ కూర్పు లైసెన్సు ఇట్టి బోధనను నిషేధించెను. ఆ వ్యాఖ్య ఫోటోకాపీల రూపమున చేతినుండి చేతికి సంచరించి, 1996లో మాత్రమే బహిరంగముగా ముద్రణకు నోచుకొన్నది.

ఒక ఉదయము వ్యర్థమైనందున పుట్టిన సాధనము

ఫైళ్ల సంఖ్య పెరిగినకొలది ఒక చిక్కు తలయెత్తినది. ఒక ఫైలును దిద్దినచో దానిపై ఆధారపడిన వానిని మాత్రము మరల కంపైలు చేయవలెను. అన్నిటిని చేసినచో కాలము వృథా. ఒకటి మరచినచో పాత ముక్కయు క్రొత్త ముక్కయు కలిసి, కారణము తెలియని దోషము పుట్టును. బెల్ ప్రయోగశాలలోనే స్టీఫెన్ జాన్సన్ అను విద్వాంసుడు తాను అప్పటికే సరిదిద్దిన దోషమును ఒక ఉదయమంతయు వెదకెను. పాఠము సరిగనే యుండెను. మరల కంపైలు చేసి కూర్చుట మాత్రము జరుగలేదు. ఆతని మొర వినిన స్టువర్టు ఫెల్డ్‌మన్ 1976లో మేక్ అను సాధనమును వ్రాసెను.

ఏ ఫైలు దేనిపై ఆధారపడినది, దానిని తయారుచేయు ఆజ్ఞ యేది అను విషయములను ఒక చిట్టాలో వ్రాసియుంచినచో, మేక్ ఆ చిట్టాను చదివి, ఫైళ్లు దిద్దబడిన కాలములను పోల్చి, అవసరమైన వానిని మాత్రము వరుసగా కట్టును. ఆ చిట్టాలో ఆజ్ఞల పంక్తి టాబ్ అక్షరముతో మొదలు కావలెనను ఒక నియమము కలదు. అది అనుకూలము కాదని ఫెల్డ్‌మన్‌కు త్వరలోనే తోచెను గాని, అప్పటికి పండ్రెండుమంది దానిని వాడుచుండిరి. వారిని ఇబ్బంది పెట్టుటకు మనసొప్పక విడిచెను. ఆ నియమము నేటికిని నిలిచియున్నది. పండ్రెండుమంది సౌకర్యమునకై విడిచిన దానిని లోకమంతయు భరించుచున్నది. ఒకసారి వాడుకలో పడిన కాలమును మార్చుట ఎంత కష్టమో ఫారములతో పని గలవారికి చెప్పనక్కరలేదు.

బర్క్లీ టేపులు

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్లీ శాఖకు యూనిక్సు 1974లో చేరినది. మరుసటి సంవత్సరము థాంప్సన్ స్వయముగా అచ్చటికి ఉపన్యాసకుడై వచ్చెను. అప్పుడే చేరిన బిల్ జాయ్ అను పరిశోధక విద్యార్థి ఆ పాఠమునకు తాను చేసిన చేర్పులను 1978లో ఒక టేపుమీద కూర్చి అడిగినవారికి పంపెను. అదియే బర్క్లీ సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషను, అనగా బీఎస్‌డీ. మొదట పోయినవి సుమారు ముప్పది ప్రతులు. 1979 చివర వచ్చిన మూడవ కూర్పులో కెర్నెలుసహా సంపూర్ణవ్యవస్థ వాక్సు యంత్రమునకు లభించినది. అమెరికా రక్షణశాఖ పరిశోధనసంస్థ ధనసహాయము చేసెను. 1983 నాటి 4.2 కూర్పులో ఇంటర్నెట్టునకు ఆధారమైన టీసీపీ/ఐపీ నియమావళి చేరి లోకమంతట వ్యాపించినది.

ఇంతమంది దిద్దు పాఠమును క్రమములో నుంచుటెట్లు? బర్క్లీ బృందము బెల్ ప్రయోగశాలలో మార్క్ రోచ్‌కిండ్ 1972లో ఆరంభించిన ఎస్‌సీసీఎస్ అను సాధనమును వాడెను. ప్రతి ఫైలునకును ఎవరు, ఏనాడు, ఏ పంక్తిని, ఏ కారణమున మార్చిరో దానిలో నమోదగును. ఏనాటి రూపమునైనను వెనుకకు తెప్పించుకొనవచ్చును. మన కార్యాలయపు ఫైలులో నోటు పుటలున్నట్లే. ఉత్తరువు ఒక పంక్తియే కావచ్చును; అది యెందుకట్లు వచ్చినదో తెలియవలెనన్న నోటు పుటలను తిరుగవేయవలెను. ఈ నమోదులు ముందు జరిగిన వ్యాజ్యములో ఎంత ముఖ్యమైనవో పాఠకులే గ్రహింపగలరు.

పాఠశుద్ధి

1980వ దశకమున ఏటీ అండ్ టీ సంస్థపైగల నిర్బంధములు తొలగెను. లైసెన్సు రుసుము పెరుగజొచ్చెను. బర్క్లీవారి టేపులో ఏటీ అండ్ టీ పాఠము కొంత, బర్క్లీ పాఠము కొంత కలిసియుండెను. కేవలము బర్క్లీ భాగమును కోరిన వారికొరకు విశ్వవిద్యాలయము 1989 జూనులో నెట్టువర్కు భాగమును విడదీసి ప్రకటించెను. టేపు వెల వేయి డాలర్లు; కాని కొనినవారు దానిని ఎవరికైనను ఇయ్యవచ్చును, మార్చవచ్చును, అమ్ముకొనవచ్చును. గ్రంథకర్తల పేరు మాత్రము చెరుపరాదు. దీనినే బీఎస్‌డీ లైసెన్సు అందురు.

అంతట కీత్ బాస్టిక్ అను బృందసభ్యుడు, వ్యవస్థనంతటిని ఇట్లే ఏల విడుదల చేయరాదని ప్రశ్నించెను. ఏటీ అండ్ టీ పాఠముతో గూడిన వందలకొలది పనిముట్లను తిరిగి వ్రాయుట అసాధ్యమని సహచరులు తలచిరి. బాస్టిక్ లోకమునకు పిలుపునిచ్చెను: పాత పాఠమును చూడక, ఆ పనిముట్టు ఏమి చేయవలెనో చెప్పు వర్ణనను మాత్రము చూచి క్రొత్తగా వ్రాసి పంపుడు, ప్రతిఫలము మీ పేరు. పదునెనిమిది నెలలలో ముఖ్యమైన పనిముట్లన్నియు దాదాపుగా తిరిగి వ్రాయబడినవి. ఆ పట్టికను చేతబట్టి బాస్టిక్ సహచరులైన మైక్ కారెల్స్, కిర్క్ మెకూసిక్‌ల గదిలోనికి వచ్చి, కెర్నెలు సంగతి ఏమైనదని అడిగెను. ముగ్గురును కూర్చుండి కెర్నెలును ఫైలు ఫైలుగా పరిశీలించిరి. తుదకు విడదీయరానివి ఆరు ఫైళ్లు మాత్రము మిగిలినవి. ఆ ఆరింటిని విడిచి తక్కినదంతయు 1991 జూనులో రెండవ విడుదలగా ప్రకటించిరి.

విలియం జోలిట్జ్ ఆ ఆరు ఫైళ్లకు బదులు స్వయముగా వ్రాసి, సామాన్యులు కొనగల 386 యంత్రముమీద నడచునట్లు వ్యవస్థను పూర్తిచేసి, 1992లో 386బీఎస్‌డీ అను పేర ఇంటర్నెట్టులో నుంచెను. వేలమంది తెచ్చుకొనిరి, దోషములను పంపిరి, దిద్దుబాట్లను పంపిరి. ఒక్కనిచేత నగు పనికాదది. దిద్దుబాట్లు వ్యవస్థకంటె వేగముగా పెరిగినవి. వాడుకరులే వానిని ఒకచోట చేర్చి ప్యాచ్ కిట్టు అని పేరిడిరి.

ప్రభుత్వపు నియమావళి గ్రంథములలో కరెక్షను స్లిప్పులు అతికించిన అనుభవము గలవారికి ఈ ప్యాచ్ కిట్టు స్థితి విశదము. పదునైదవ స్లిప్పు పండ్రెండవదానిచేత మారిన వాక్యమును మార్చును. పండ్రెండవది అతికింపనిచో పదునైదవది ఎచ్చట అంటింపవలెనో తెలియదు. కొంతకాలమునకు మూలగ్రంథముకంటె స్లిప్పులే బరువగును. అప్పుడు చేయదగినది క్రొత్త కూర్పు నచ్చొత్తించుటయే. 1993లో రెండు బృందములు ఆ పని చేసినవి. పలువిధములైన యంత్రములపై నడపుట లక్ష్యముగా నెట్‌బీఎస్‌డీ, 386 జాతి యంత్రముమీద సామాన్యునికి సుకరముగా నందించుట లక్ష్యముగా ఫ్రీబీఎస్‌డీ వెలసినవి. రెండును పాఠమును ఒక్కనిచేతిలో నుంచక, సీవీఎస్ అను ఉమ్మడి భాండాగారమున నుంచి, అనుమతి గల పలువురు దిద్దునట్లు ఏర్పరచుకొనినవి. వ్యక్తి చేతిలోని పని సంస్థ చేతిలోనికి వచ్చినది.

పదునెనిమిదివేలలో మూడు

ఇంతలో వ్యాజ్యము వచ్చిపడినది. రెండవ విడుదలను ఆధారముగా గొని బీఎస్‌డీఐ అను సంస్థ ఒక వ్యవస్థను మూలపాఠసహితముగా 995 డాలర్లకు అమ్మజూపెను. ఏటీ అండ్ టీ వారి అనుబంధ సంస్థయైన యూనిక్స్ సిస్టం లాబొరేటరీసు 1992లో ఆ సంస్థమీదను, పిదప విశ్వవిద్యాలయముమీదను దావా వేసెను. విశ్వవిద్యాలయము ఊరకుండలేదు. బర్క్లీ పాఠమును తమ వ్యవస్థలో చేర్చుకొన్నప్పుడు గ్రంథకర్తల పేరును చెప్పవలెనను షరతును ఆ సంస్థయే ఉల్లంఘించినదని ఎదురుదావా వేసెను. 1993లో నోవెల్ సంస్థ ఆ లాబొరేటరీసును కొనిన పిమ్మట రాజీ సంభాషణలు సాగి, 1994 ఆరంభమున వివాదము ముగిసెను.

ఫలితమేమి? పదునెనిమిదివేల ఫైళ్లలో మూడింటిని తొలగించిరి. కొన్నింటిని స్వల్పముగా మార్చిరి. సుమారు డెబ్బదింటికి ఆ సంస్థ హక్కు ప్రకటనను చేర్చిరి. అంతే. కాని ఆ రెండేండ్ల సందేహకాలమున ఈ వ్యవస్థను చేపట్టుటకు పలువురు జంకిరి. 1991లో ఫిన్లండు విద్యార్థియైన లీనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్సు కెర్నెలు, రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన గ్నూ ప్రణాళిక సాధనములతో గూడి, ఆ వ్యవధిలోనే జనాదరణ పొందినది.

ఫ్రీబీఎస్‌డీ వారికి వేరొక కష్టము కలిగినది. రాజీప్రకారము పాత పాఠమును విడిచి, 1994లో విశ్వవిద్యాలయము విడుదల చేసిన 4.4బీఎస్‌డీ లైట్ అను శుద్ధప్రతిని ఆధారముగా గొనవలసి వచ్చెను. ఆ ప్రతి అసమగ్రము. యంత్రమును లేపి నడిపించుటకు కావలసిన భాగములే కొన్ని అందు లేవు. వారు కట్టడమును పునాదివరకు విప్పి తిరిగి కట్టి, ఆ యేడాది నవంబరులో 2.0 కూర్పును వెలువరించిరి. మరుసటి సంవత్సరము చివరి విడుదల చేసి బర్క్లీ బృందము మూతపడినది. పాఠము మాత్రము మూతపడలేదు.

ప్రపంచనిర్మాణము

ఫ్రీబీఎస్‌డీలో వ్యవస్థనంతటిని మూలమునుండి కట్టు ఆజ్ఞకు తొలినాళ్లలో "మేక్ వరల్డ్" అని పేరుండెను. అనగా ప్రపంచమును నిర్మింపుమని. పేరున కొంత పరిహాసమున్నను పని నిజముగా అంతటిదే. లినక్సు వ్యవస్థలలో కెర్నెలు ఒకరిది, కంపైలరు మరొకరిది, పనిముట్లు వేరొకరివి. వానిని కూర్చువారు వేరు. ఇచ్చట కెర్నెలు, గ్రంథాలయములు, పనిముట్లు, వాని వివరణగ్రంథములు సర్వమును ఒకే చెట్టు కొమ్మలవలె ఒకే డైరెక్టరీక్రింద నుండును. సిస్ అను కొమ్మలో కెర్నెలు, లిబ్ అను కొమ్మలో గ్రంథాలయములు, బిన్ అను కొమ్మలో ముఖ్యమైన పనిముట్లు, ఈ తీరున వాని అమరిక.

నిర్మాణములో మొదటి చిక్కు ఇది: క్రొత్త వ్యవస్థను కట్టు కంపైలరు పాత వ్యవస్థలోనిది. క్రొత్త పాఠము పాత కంపైలరుకు తెలియని పద్ధతులలో వ్రాయబడి యుండవచ్చును. అందుచేత ముందుగా పాత కంపైలరుతో కొన్ని అత్యవసర సాధనములను, క్రొత్త కంపైలరును కట్టుదురు. పిదప ఆ క్రొత్త కంపైలరుతో మొదట సి గ్రంథాలయమును, తరువాత తక్కిన గ్రంథాలయములను, తుదకు వానిపై ఆధారపడిన పనిముట్లను కట్టుదురు. ఇదంతయు వేరొక డైరెక్టరీలో జరుగును. నడచుచున్న వ్యవస్థలో ఒక్క అక్షరమైనను కదలదు. పాత వంతెనమీద బండ్లు నడచుచుండగనే ప్రక్కన క్రొత్త వంతెన కట్టినట్లు.

రెండవ చిక్కు మార్పిడి సమయమున వచ్చును. కెర్నెలును ముందు మార్చవలెనా, పనిముట్లను ముందు మార్చవలెనా? కెర్నెలునే ముందు మార్చవలెను. ఏలయన, క్రొత్త కెర్నెలు పాత పనిముట్లు అడుగు సేవలను జ్ఞాపకముంచుకొనును. పాత కెర్నెలునకు క్రొత్త పనిముట్లు అడుగబోవు సేవలు తెలియవు. కావున క్రొత్త కెర్నెలును నిలిపి, యంత్రమును ఒకసారి ఆపి లేపి, అది సరిగా నడచినదని చూచిన పిమ్మటనే తక్కిన ప్రపంచమును స్థాపింతురు. మూడవది, యజమాని తన అవసరమునుబట్టి చేతితో దిద్దుకొన్న అమరిక ఫైళ్లు క్రొత్తవాటిక్రింద పడి నశింపకుండ, పాతది, క్రొత్తది, స్వంతది అను మూడింటిని పోల్చి కలుపుదురు. తొలినాళ్లలో ఈ పని గంటలకొలది పట్టెడిది.

నెట్‌బీఎస్‌డీ వారు 2002 నాటి 1.6 కూర్పులో మరియొక మెట్టెక్కిరి. బిల్డ్ డాట్ ఎస్‌హెచ్ అను ఒక్క ఆజ్ఞతో, లినక్సు మొదలగు వేరొక వ్యవస్థగల యంత్రముమీదనైనను, వేరొక జాతి యంత్రమునకైనను తమ వ్యవస్థను కట్టవచ్చును. థాంప్సన్ ఒక యంత్రమున కట్టి కాగితపు టేపుమీద మరొక యంత్రమునకు మోసిన పనియే ఇది. కాని ఇప్పుడది ఎవరైనను చేయగలిగిన పనియైనది.

నమ్మకము మాట

పాఠము చేతిలో నుండి, మనమే కట్టుకొనినచో ఇక భయము లేదా? ఈ ప్రశ్నను 1983లో థాంప్సన్ స్వయముగా లేవనెత్తెను. ట్యూరింగ్ బహుమానమును స్వీకరించుచు చేసిన ఉపన్యాసములో ఆతడు చూపినది ఇది. లోపలికి ప్రవేశమిచ్చు కార్యక్రమమును కంపైలు చేయునప్పుడు అందులో రహస్యపు తాళము చేర్చు కంపైలరును చేయవచ్చును. తన్నుతాను కంపైలు చేయునప్పుడు ఆ దుర్గుణమును సంతానమునకు అందించునట్లును చేయవచ్చును. అటుపిమ్మట మూలపాఠమునుండి ఆ పంక్తులను చెరపివేసినను, యంత్రరూపమున అది తరతరములకు సంక్రమించును. పాఠము నిర్మలము, ఫలము విషమయము. ఇతరులు చేసిన పనిని ఎంత పరిశీలించినను తుదకు ఎవరినో నమ్మకతప్పదని ఆతని తాత్పర్యము.

2024 మార్చిలో ఇట్టిది నిజముగా జరిగినది. ఎక్స్‌జెడ్ అను ఫైళ్ల కుదింపు సాధనమునకు మారుపేరుతో రెండేండ్లకు పైగా నమ్మకముగా పనిచేసిన ఒకరు అందులో దొంగదారి నేర్పరచిరి. దానిని మేల్కొలుపు ఆజ్ఞ బహిరంగ భాండాగారమున లేదు. విడుదల చేసిన మూటలోని నిర్మాణపు చిట్టాలో మాత్రము దాగియుండెను. అనగా పాఠమును చదివినవారికి కానరాక, కట్టునప్పుడు మాత్రము చేరునట్లు పన్నిన పన్నాగము. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు, దూరయంత్రమున ప్రవేశించుటకు అర సెకను ఆలస్యమగుచున్నదేమని ఆరాతీసి దానిని పట్టెను. మూలపాఠము, నిర్మాణపు చిట్టాలు అందరి యెదుట నున్నందుననే ఆతడు కారణమును తుదివరకు వెదకగలిగెను.

దీనికి విద్వాంసులు చెప్పు ప్రతిక్రియ యొకటి కలదు. ఒకే పాఠమును ఇద్దరు వేర్వేరు చోట్ల కట్టినచో ఫలితము చివరి అక్షరమువరకు ఒకటిగా నుండవలెను. వినుటకు సులభమే, కాని కట్టిన గడియ, కట్టినవాని డైరెక్టరీ పేరు వంటివి ఫలితములో చొరబడి దానిని మార్చుచుండును. వానినన్నిటిని ఒక్కొక్కటిగా తొలగింపవలెను. డెబియను బృందము 2013నుండి ఈ పనిని చేపట్టెను. నెట్‌బీఎస్‌డీ 2017లో సాధారణ యంత్రముల కూర్పునకు దీనిని సాధించినట్లు ప్రకటించెను. ఇద్దరు లేఖకులు వేరువేరుగా వ్రాసిన ప్రతులు సరిపోలినప్పుడే పాఠము నమ్మదగినదను పండితమర్యాద ఇచ్చట యంత్రములకు వచ్చినది.

మనకేమి సంబంధము?

ఇదంతయు పరదేశపు సంగతియని తలపరాదు. 2018 ఫిబ్రవరిలో ఒక చిత్రమైన దోషము బయటపడినది. "జ్ఞా" అను మన తెలుగు అక్షరమును ఒక విధముగా కూర్చి పంపినచో, ఆపిల్ ఫోనులలో దానిని చూపబోయిన కార్యక్రమము కూలిపోవుచుండెను. ఆ సంస్థ కొలది దినములలోనే దానిని దిద్దెను. ఆ వ్యవస్థ అడుగుభాగమున ఫ్రీబీఎస్‌డీ నుండి గైకొన్న పాఠము చాల కలదు, అది బహిరంగము. అక్షరములను తెరమీద కూర్చు భాగము మాత్రము ఆ సంస్థ స్వంతము, మూతగలది. కోట్లమంది మాటాడు భాషలోని ఒత్తు ఒకటి తప్పుగా నడచినప్పుడు, ఆ భాష నెరిగిన ప్రోగ్రామర్లు ఎందరున్నను చేయగలిగినది వేచియుండుటయే. బర్క్లీ లైసెన్సు గొప్పతనము, దాని హద్దు రెండును ఈ యుదాహరణమున కలవు: పాఠమును అది అందరికిచ్చును, పుచ్చుకొన్నవాడు తరువాత తలుపు మూసికొనినను అడ్డగింపదు. ఆ తలుపు మూయరాదని నిర్బంధించునది స్టాల్‌మన్ లైసెన్సు. ఏది మేలను చర్చ నేటికిని తెగలేదు.

బహిరంగవ్యవస్థలలో మన భాష స్థితి వేరు. 1991లో యూనికోడు మొదటి కూర్పులోనే తెలుగునకు స్థానము లభించినది. గ్నోమ్ మొదలగు తెరవ్యవస్థల మూలపాఠములో "టీఈ" అను గుర్తుతో తెలుగు మాటల ఫైలు ఒకటి యుండును. దానిని వ్రాసినవారు మనవారే. వ్యవస్థను కట్టునప్పుడు ఆ ఫైలుకూడ తక్కినవానితోపాటు కట్టబడి తెరమీదికి వచ్చును. కొనువారెందరని ఎవరును లెక్క అడుగరు, వ్రాయువారున్న చాలును. హైదరాబాదులోని స్వేచ్ఛ అను సంస్థ తెలుగులో పనిచేయు వ్యవస్థనే కూర్చినది.

భారతప్రభుత్వమునకు చెందిన సీడాక్ సంస్థ చెన్నై కేంద్రమునుండి 2007లో బాస్ అను వ్యవస్థ విడుదలైనది. డెబియను పాఠమును ఆధారముగా గొని, తెలుగుతోసహా భారతీయభాషలకు అనువుగా దానిని కూర్చిరి. 2015లో కేంద్రప్రభుత్వము తన ఇ–పరిపాలన వ్యవస్థలలో బహిరంగ మూలపాఠము గలవానికి ప్రాధాన్యమీయవలెనను విధానమును ప్రకటించెను. విధానము కాగితముమీద నున్నంత మాత్రమున చాలదు. పాఠము మన భాండాగారమున నున్నను, దానిని చదివి, దిద్ది, మొదటినుండి కట్టి చూపగల చేతులు మనలో నున్నప్పుడే అది మనదగును. ఇతరులు కట్టి యిచ్చిన దానిపై పేరు మార్చి వ్రాసికొనుట స్వాతంత్ర్యము కాదు.

ప్రతివాడును ఆపరేటింగు సిస్టమును కట్టనక్కరలేదు. ప్రతివాడును ధాతువృత్తిని వల్లింపనక్కరలేనట్లే. కాని ఊరికొక్కడైనను వ్యాకరణము తెలిసినవాడు లేనిచో భాషలో వివాదము వచ్చినప్పుడు తీర్చువాడుండడు. నేడు సాధారణమైన ఒక కంప్యూటరుమీద, పైకమేమియు చెల్లింపక, ఫ్రీబీఎస్‌డీ గాని నెట్‌బీఎస్‌డీ గాని మూలపాఠమును తెచ్చుకొని, వివరణగ్రంథమును ముందుంచుకొని, మేక్ ఆజ్ఞనిచ్చి, తాను కట్టిన కెర్నెలుతో తన యంత్రమును లేపుకొనవచ్చును. మన సంఘకుటుంబములలో కాలేజీ చదువులు చదువుచున్న బాలబాలికలు సెలవులలో ఈ ప్రయత్నము చేయుదురుగాక. మొదటిసారి మధ్యలో ఆగిపోవును. ఏ ఫైలువద్ద, ఏ పంక్తివద్ద, ఎందుకాగినదో యంత్రము తెరమీద వ్రాసి చూపును. ఆ పంక్తిని తెరచి చదువుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు.